తల దాచుకోవడానికి అర్జీ

కొంగరాజును తరిమేశాక చెరువు జనం తాబేలు చిట్టెయ్యను ఏడాది కాలానికి గవర్నరుగా ఎన్నుకున్నారు. అధికారం నెత్తికెక్కకూడదని, ఏం చేయాలన్నా ఏడు కప్పల సభను అడగాలని షరతు పెట్టారు. పాపం, ఆవలింతకైనా అర్జీ పెట్టాల్సిందే.

ఒకరోజు కొంగ తిరిగొచ్చి ఒడ్డున వాలింది. అడగకుండా దాక్కుంటే చిట్టెయ్యకు పదవి పోతుంది, దాక్కోకపోతే తల పోతుంది.

“అయ్యలారా, తల డిప్పలోకి లాక్కోనా?”

“ఇవాళ తల లాక్కుంటావు, రేపు రాజ్యం లాక్కుంటావు! చర్చించాలి,” అంది పెద్దకప్ప.

కొంగ పెద్దకప్పను మింగింది. మిగతా సభ్యులు సంతాపం తెలిపి చర్చ కొనసాగించారు. కొంగ కూడా తన పని కొనసాగించింది.

చివరికి ఒక్క బుల్లికప్ప మిగిలి, గొంతు సవరించుకుంది.

“లాక్కోండి గవర్నరు గారూ. సభ ఏకగ్రీవంగా ఒప్పుకుంది.”