పాతకాపు

ధవళేశ్వరం దగ్గర గోదావరి గంటగంటకూ పెరుగుతుంటే, సరిగ్గా అప్పుడే లంకల సేవా సంఘం ఆఫీసులో కంప్యూటర్ మొరాయించింది.

దిగువ లంకల్లో ప్రతి ఫోనుకూ వరద కబురు పంపేది అదే. ఇకమీదట మెసేజ్‌లు వెళ్ళాలంటే కొత్త సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ ఉండాల్సిందేనని ఫోన్ కంపెనీ తేల్చేసింది. ఆ ప్యాకేజీ చూస్తే కంప్యూటర్ని నడిపే పాత లినక్స్‌లో ఎక్కనంటోంది.

"లినక్సే కొత్తది వేసెయ్యమ్మా," అన్నారు సంఘం కార్యదర్శి వీరాస్వామి.

"వేస్తే దీనికి తగిలించిన మెసేజ్‌ల మెషీన్ ఆగిపోతుందండి. అది పాతదాంతోనే నడుస్తుంది," అంది దీవెన. ఆ కంప్యూటర్ బాగోగులు చూసేది ఆమే.

ఇక మిగిలింది బ్యాక్‌పోర్ట్. అంటే కొత్త ప్యాకేజీని విప్పి, పాత లినక్స్ కొలతలకు మళ్ళీ కుట్టడం లాంటిది. దీవెనకు ఆ కుట్టు రాదు. వచ్చినవాడు ఆన్‌లైన్ లినక్స్ గ్రూపులో ఒకే ఒక్కడున్నాడు. అసలు పేరేంటో, ఏ ఊరో ఎవరికీ తెలీదు. 'పాతకాపు' అని పెట్టుకున్నాడు.

పొద్దున్నే అతనికి మెసేజ్ పెట్టింది.

"చేస్తానండి. కొంచెం టైం పడుతుంది," అన్నాడు.

మధ్యాహ్నమైంది.

"ఏమైందండీ?"

"ఒక ప్యాకేజీ ఇంకోదాన్ని అడుగుతోందండి. అది మరోదాన్ని అడుగుతోంది. అన్నీ తయారుచేసుకుంటూ రావాలి."

వీరాస్వామి ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతున్నారు. మిగతావాళ్ళు లంకలకు ఫోన్లు కొడుతున్నారు. అన్ని ఇళ్ళకు ఎంతమంది చేస్తే అయ్యేను? దీవెన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అంతకంటే చెయ్యగలిగింది లేదు.

మళ్ళీ మెసేజ్ వచ్చింది.

"కరెంటు పోయిందండి. బ్యాటరీ మీద చేస్తున్నాను."

దీవెనకు ఒళ్ళు మండింది.

"ఇక్కడ మనుషులు మునిగిపోయేలా ఉన్నారండి. మీకు కరెంటు బాధా?"

అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు.

"ఏ సిటీలోనో ఏసీ గదిలో కూర్చున్నవాళ్ళకి వరదంటే ఏం తెలుస్తుంది లెండి!"

జవాబొచ్చింది.

"నిజమేనండి."

సాయంత్రం కావస్తుండగా ఫైలు వచ్చింది.

"వేసి చూడండి. పనిచేస్తే ఒక్క మాట చెప్పండి."

దీవెన వేసింది. ఈసారి ప్యాకేజీ ఎక్కింది. మెషీన్ కదిలింది. మెసేజ్‌లు బారులు తీరి వెళ్ళాయి.

"బయల్దేరుతున్నామండి!" అని లంకల నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

వీరాస్వామి కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకున్నారు. ఆ హడావుడిలో దీవెన ఆ ఒక్క మాట చెప్పడం మర్చిపోయింది.

గుర్తొచ్చాక సిగ్గనిపించింది.

"పనిచేసిందండి. ఇందాక నోరు జారాను, ఏమీ అనుకోకండి."

జవాబు లేదు. అలిగాడనుకుంది.

అంతలో సంఘం పడవ నడిపే సత్తియ్య ఒళ్ళంతా తడిసి వచ్చాడు. పొద్దుట్నుంచీ ఎగువ లంకలో జనాన్ని ఒడ్డుకు చేరుస్తున్నాడు.

"అందరూ వచ్చేశారా?" అన్నారు వీరాస్వామి.

"ఒక్కడు రాలేదండి. దుర్గాసాయి అని, పిల్లలకి కంప్యూటర్ చెప్తాడు. ఊరందర్నీ తనే ఎక్కించాడు. తను మాత్రం ఎక్కలేదు."

"వదిలేసి వచ్చావా?"

"పడవలో పసిపిల్లలున్నారండి, ఆగలేకపోయాను. వాళ్ళని దింపి మళ్ళీ వెళ్తే... ఇల్లే లేదండి."

వీరాస్వామి కుర్చీలోంచి లేచారు.

"ఎక్కరా అని కాళ్ళావేళ్ళా పడ్డానండి," అన్నాడు సత్తియ్య. "ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కదలడే! 'ఇప్పుడు ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది సత్తియ్యా, ధవళేశ్వరంలో దీవెన గారు నాకోసమే చూస్తున్నారు' అన్నాడండి."