తూకం సార్

“ఇది కాదమ్మా, ఇంకా తేలికైనది చూపించు.”

ల్యాప్‌టాప్‌ను ఎడమచేతి వేళ్ళ మీద నిలబెట్టుకుని, కళ్ళు మూసుకుని, పెదవి విరిచాడాయన. కౌంటరు దగ్గరున్న అమ్మాయి నవ్వు ఆపుకుంది. షాపులో అందరూ ఆయన్ని తూకం సార్ అంటారు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

“సార్, ఇంతకంటే తేలికైనది మా దగ్గర ఖాళీ అట్టపెట్టె ఒక్కటే.”

“దానికి కీబోర్డుంటే అదే పట్టుకుపోతాను” అంటూ ఆయనా నవ్వాడు.

కొత్త మోడల్ వచ్చిందని అద్దాల మీద బొమ్మ అంటిస్తే చాలు, ఆఫీసు వదలగానే సంచీ భుజాన వేసుకుని వచ్చేస్తాడు. వేగమెంత, మెమరీ ఎంత అని అందరూ అడిగే ప్రశ్నలేవీ అడగడు. చేత్తో ఎత్తి చూస్తాడు. అంచులు తడుముతాడు. చిటికెన వేలితో కీబోర్డు మీద కీలు నొక్కుతాడు.

“ల్యాప్‌టాప్ అంటే ఒళ్ళో పిల్లి కూచున్నట్టుండాలమ్మా, రోలు పెట్టుకున్నట్టు కాదు. కీ కూడా అంతే. ముట్టుకోగానే పలకాలి. బతిమాలించుకోకూడదు.”

ఈ మాటలు ఆ అమ్మాయికి మొదట్లో ముచ్చటగానే ఉండేవి. ఎంతో వెతికి ఓ పల్చటి ల్యాప్‌టాప్ కొనిపించింది. ఆయన దాన్ని పసిబిడ్డలా గుండెకు ఆనించుకుని వెళ్ళాడు.

కొన్నాళ్ళకే తిరిగి వచ్చాడు.

“దీన్ని ఇచ్చేసి ట్యాబ్లెట్ తీసుకుంటాను.”

“అప్పుడే ఏమొచ్చింది సార్? పాడైందా?”

“బ్రహ్మాండంగా ఉంది. బరువనిపిస్తోంది, అంతే.”

ట్యాబ్లెట్లన్నీ బల్ల మీద పరిపించాడు. ఒక్కొక్కటే తీసుకుని, అక్కడున్న కుర్చీలో వెనక్కి వాలి, గుండెల మీద పెట్టుకుని చూశాడు. అటుగా పోతున్నవాళ్ళు ఆగి మరీ నవ్వుకున్నారు.

“పడుకుని సినిమాలు చూడ్డానికా సార్?”

“పడుకుని చెయ్యలేని పనేముందమ్మా ఈ రోజుల్లో!” అని ఒకటి పక్కన పెట్టేశాడు. “ఇది వేడెక్కుతోంది. ఒంటి మీద పెట్టుకుంటే చురుక్కుమంటుంది.”

“ఇంట్లో మేడమ్‌గారు ఏమీ అనరా, ఇన్ని మారుస్తుంటే?”

“ఒకప్పుడు దులిపేసేది. ఈ డబ్బాలతోనే కాపురం చెయ్యండి అనేది. ఈమధ్య తిట్టడం మానేసింది.”

“విసుగొచ్చి ఉంటుంది పాపం” అన్నాడు వెనకనుంచి మేనేజరు.

ఆయన తలూపి, అన్నిటికంటే చిన్న ట్యాబ్లెట్‌ను సంచీలో పెట్టుకున్నాడు.

అదీ నిలవలేదు. ఈసారి మాటలు విని రాసుకునే సదుపాయం చూపించమన్నాడు. ఆ అమ్మాయి ట్యాబ్లెట్ దగ్గరపెట్టి, మాట్లాడమంది. ఆయన నోట్లో బియ్యం పోసుకున్నట్టు ఏదో గొణిగాడు. తెర మీద ఒక్క ముక్క సరిగ్గా పడలేదు.

“సరిగ్గా పలకండి సార్, అన్నీ వచ్చేస్తాయి.”

“సరిగ్గా పలికితే ఎవరికైనా తెలుస్తుందమ్మా. పలకలేనిది కనుక్కోవద్దూ?”

మళ్ళీ గొణిగాడు. మళ్ళీ గొణిగాడు. కొనేవాళ్ళు వెనకాల నిలబడి నిలబడి, పక్క షాపుకి వెళ్ళిపోయారు. మేనేజరు కళ్ళెర్రజేశాడు. ఆ చూపుకి అమ్మాయికి ఒళ్ళు మండింది.

“సార్, ఏమీ అనుకోకండి. ఈ చిన్న పలకని ఎత్తలేరు, నోరు తెరిచి మాట్లాడలేరు. మరి దేవుడు ఈ చేతులూ నోరూ ఎందుకిచ్చినట్టు?”

షాపంతా గొల్లుమంది. ఆయన ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. చేతిలోని ట్యాబ్లెట్‌ను మెల్లగా బల్ల మీద పెట్టాడు.

“అదే నేనూ అడుగుతున్నానమ్మా” అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

ఆ వానాకాలమంతా ఆయన మళ్ళీ కనిపించలేదు. పెద్దమనిషిని అనరాని మాట అన్నానేమోనని ఆ అమ్మాయికి ముల్లు గుచ్చుకున్నట్టుండేది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అటే చూసేది. పుస్తకం అట్టంత పల్చటి ట్యాబ్లెట్ ఒకటి కొత్తగా వస్తే, ఎవరికీ చూపించకుండా అరలో దాచింది. దాన్ని అరచేతిలో పెట్టుకోగానే ఆయన ముఖం ఎలా వెలిగిపోతుందో చూడాలనుకుంది.

ఒక మధ్యాహ్నం ఆయన వచ్చాడు. గడ్డం మాసింది. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకోటి పెట్టుకున్నాడు. మనిషి సగమైపోయాడు.

“ఎన్నాళ్ళకి సార్! ఆవేళ ఏదో నోరుజారాను, మనసులో పెట్టుకోకండి. ఇదిగో చూడండి, మీకోసమే దాచాను. ఈకలా ఉంటుంది.”

ఆయన దాన్ని ముట్టుకోలేదు.

“బాగుందమ్మా. మంచి వస్తువు. కానీ నాకిప్పుడు తేలికతో పనిలేదు. బండరాయంత ఉన్నా ఫర్వాలేదు, మంచానికి బిగించేస్తాను.”

అమ్మాయి తెల్లబోయింది. తేలిక వద్దనే మాట ఆ నోటినుంచి వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

“మరేం కావాలి సార్?”

“చూపుతో నడిచేవి వచ్చాయటగా. ఏ అక్షరం వైపు చూస్తే ఆ అక్షరం తెర మీద పడుతుందట. వేలు తగలక్కర్లేదట. అది తెప్పించగలవా?”

పాత తూకం సార్ తిరిగొచ్చాడని అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. పకపకా నవ్వింది.

“వేలు కదపడానికి కూడా బద్ధకమేనా సార్ మీకు?”

ఆయనా నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. బల్ల అంచు పట్టుకున్నాడు.

“మా ఆవిడకి ఇప్పుడు కళ్ళొక్కటే కదులుతున్నాయమ్మా.”