ఎనభై గ్రాములు

"ఆ గరిటె కింద పెట్టు," అన్నాడు సూపర్వైజరు.

ఆ ఉదయమే ఆసుపత్రి వంటగదిలో వడ్డనకి చేరిన ఆవిడ గరిటె పట్టుకునే నిలబడింది. ఎదురుగా ప్లేటు నిండా పాస్తా ఉంది.

అతను ప్లేటు లాక్కుని తూకం మిషన్ మీద పెట్టాడు. ప్లేటు బరువు పోను రెండు వందల పది గ్రాములు తూగింది.

"గోడ మీద ఏం రాసుంది? చదవడం వచ్చా నీకు?"

"ఒకరికి ఎనభై గ్రాములని రాసుంది బాబూ. అది ఉడకకముందు తూకం."

"అలాగని రాసుందా?"

"రాయలేదు. అప్పట్లో తూచేది స్టోర్లోనేగా, రాయక్కర్లేకపోయింది."

పొద్దున వచ్చిన మనిషి తనకి అప్పట్లో సంగతులు చెబుతోంది. అతనికి ఒళ్ళు మండింది.

ఎనిమిది నెలల కిందట వస్తూనే స్టోర్లో ఉన్న తూకం మిషన్ని వడ్డించే బల్ల మీదకి తెచ్చి పెట్టింది అతనే. నలుగురి కళ్ళ ముందూ తూకం ఉంటే ఎవరి చెయ్యీ వాటం చూపించదని అతని నమ్మకం. తన మట్టుకు తాను ఒక్క చెంచా ఎక్కువ తిన్న పాపాన పోలేదు. నెలకి పది బస్తాలయ్యే పాస్తా నాలుగుకి దిగింది. మిగతా ఆరూ ఇన్నాళ్ళూ ఎవరిళ్ళకి నడిచి వెళ్ళాయో చెప్పమని వంటవాళ్ళని కడిగేశాడు. నోరెత్తితే దొంగ కిందే లెక్క గనక ఎవరూ ఎత్తలేదు.

పన్నెండో నంబరు మంచం మీద ఉన్న అతని సొంత చెల్లెలికీ అదే తూకం. ఆ పిల్లకి ఆపరేషన్ చెయ్యాలంటే నలభై అయిదు కిలోలు దాటాలి. రెండు నెలల కిందట చేరినప్పుడు నలభై మూడున్నర ఉండేది.

"అన్నయ్యా, ఇంకో గరిటె పెట్టించవా?" అని రోజూ అడిగేది.

"నీకు పెడితే రేపు అందరూ నన్ను దొంగంటారు. కేలరీలు లెక్కకట్టే రాశారు పెద్దవాళ్ళు. తిన్నది నీ ఒంటికి పట్టడం లేదు, అంతే."

మూడో రోజు మధ్యాహ్నం వార్డులోకి వెళ్ళేసరికి పన్నెండో మంచం దగ్గర ప్లేటు నిండుగా కనబడింది. పక్కనే ఆవిడ. అతను ఒక్క అంగలో వెళ్ళి ప్లేటు లాగేశాడు. చెల్లెలు ఖాళీ చెంచా పట్టుకుని అన్నయ్య మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

"తినే పిల్ల ముందు ప్లేటు లాగుతావా? నువ్వేమవుతావు ఈ పిల్లకి?"

"అన్నని."

"అన్నవా," అంటూ ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "పగవాడివేమో అనుకున్నాను."

వార్డంతా ఇటే చూస్తోంది. అతనికి తల కొట్టేసినట్టయింది, దాంతో నోరు పారేసుకున్నాడు.

"నీ ఒళ్ళు చూసుకున్నావా? అడ్డంగా పెరిగావు. నువ్వా నాకు తిండి కొలతలు చెప్పేది? రోగుల పేరు చెప్పి ఎన్ని గిన్నెలు ఖాళీ చేశావో."

"తిన్నాను బాబూ. ఇక్కడే తిన్నాను. అందుకే..."

"కనబడుతూనే ఉంది. రేపట్నుంచి రాకు."

ఆవిడ ఏప్రన్ విప్పి, మడత పెట్టి, మంచం చివర పెట్టింది. చెల్లెలి తల మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయింది. పీడ వదిలింది అనుకున్నాడు అతను.

శుక్రవారం బరువు చూశారు. నలభై ఒకటిన్నర.

"సోమవారం ఆపరేషన్ కుదరదు," అంది డాక్టరమ్మ. "ఆ సర్జన్ మళ్ళీ వచ్చేది నాలుగు నెలలకి. అప్పటిదాకా ఈ పిల్ల ఆగగలదో లేదో నేను చెప్పలేను. అసలేం పెడుతున్నారు తనకి?"

"గోడ మీద రాసినట్టేనండీ. పాస్తా ఎనభై గ్రాములు. నా చేత్తో నేనే తూచి పెడుతున్నాను."

"ఎండుదేగా తూచేది?"

"వండిందండీ."

డాక్టరమ్మ రాస్తున్న కలం పక్కన పెట్టింది.

"ఎండుది ఎనభై ఉడికితే రెండు వందలవుతుంది. మూడు వందల దాకా కేలరీలుంటాయి అందులో. నువ్వు నూట పాతికతో సరిపెట్టావు. ఈ పిల్లకే కాదు, వార్డు మొత్తానికి. ఎనిమిది నెలలుగా వంటగదిలోకి తొంగి చూడనందుకు నన్ను నేను తిట్టుకోవాలి. నీకైతే ఒక్కళ్ళూ చెప్పలేదా?"

చెల్లెలు గోడ వైపు తిరిగి పడుకుంది.

"ఒకావిడ చెప్పిందండీ. వడ్డనకి వచ్చింది. నేనే గెంటేశాను."

"ఎవరు?"

"పేరు అడగలేదండీ. లావుగా ఉంటుంది, గడ్డం మీద పుట్టుమచ్చ."

"నేను ఉద్యోగంలో చేరిన ఏడాది ఆవిడని ముప్పై ఒక్క కిలోలతో స్ట్రెచర్ మీద తెచ్చారు," అంది డాక్టరమ్మ. "పూటకి ఎంత పెడితే మనిషి లేచి నిలబడుతుందో అప్పుడు మాకెవరికీ తెలీదు, రోజూ ఆవిడకి పెట్టి, ఆవిడ బరువు చూసుకుంటూ, ఆ ఎనభై రాసుకున్నాం."