పెన్ను చప్పుడు

ఒక దూరపు గెలాక్సీ నుంచి వచ్చే ఎక్స్‌రేలు ఉన్నట్టుండి ఎగసి పడుతున్నాయని ఆరేళ్లుగా ఖగోళ శాస్త్రవేత్త అయిన ఆమె మొత్తుకుంటుంటే, రేడియో టెలిస్కోపు కేంద్రం పెద్దాయన కొట్టిపారేసేవాడు. ఈ రాత్రి ఆయనే ఫోన్ చేశాడు.

"నువ్వే గెలిచావమ్మా! ఇక్కడ రేడియోలోనూ అవే మెరుపులు. ముందు రెండు, కాస్త ఆగి ఒకటి."

పట్టలేని సంతోషంతో ఆమె పెన్నుతో బల్లమీద కొట్టింది. రెండు, కాస్త ఆగి ఒకటి. చిన్ననాటి అలవాటు.

చెయ్యి ఆగిపోయింది. ఆ మెరుపులదీ తన చిన్ననాటి లయే. ఆ వెలుగు బయల్దేరి ముప్పై కోట్ల ఏళ్లయింది.

ఎదురుగా ఉన్న కంప్యూటర్ తెరమీద వరసగా నాలుగు మెరుపులు లేచాయి.

"ఇప్పుడు నాలుగు!" ఫోన్‌లో పెద్దాయన అరిచాడు.

"చెప్పలేదా బాబాయ్, అది నిజమేనని!"

ఆమె విరగబడి నవ్వింది. చేతిలో పెన్ను నాలుగోసారి బల్లను తాకేదాకా, కొడుతున్నది తానేనని ఆమెకు తెలియనే లేదు.