కంచం చప్పుడు

ఇళ్ళలో వినిపించే ప్రతి చప్పుడునూ దాచే పెట్టెలు వచ్చి నలభై ఏళ్ళు దాటింది. ఆత్మకథ రాసేవాళ్ళు ముందు వాటినే అడుగుతారు. రిటైరైన నర్సు సౌజన్యమ్మ మాత్రం అడక్కుండానే రాసేసింది: "నేను ఉద్యోగంలో చేరిన రోజు మా అత్తగారు అన్నం కంచం విసిరికొట్టి విసవిసా వెళ్ళిపోయింది."

"ఒకసారి విందాం అత్తయ్యా," అంది కోడలు లౌక్య, కుతూహలం ఆపుకోలేక.

"వినడానికేముంది? నిన్న జరిగినట్టుంది నాకు," అంటూనే సౌజన్యమ్మ సరేనంది.

పెట్టెలో కంచం ఖంగుమంది. వెంటనే గబగబా అడుగులు, వాటితోపాటు మట్టెల చప్పుడు.

సౌజన్యమ్మ తన కాళ్ళవైపు చూసుకుంది. అత్తగారు అప్పటికే భర్త పోయి మట్టెలు తీసేసిన మనిషి.

ఆ వెనకే అత్తగారి గొంతు: "ఉద్యోగం వద్దన్నానని అన్నం మీద అలుగుతావా? సరే, వెళ్ళు. కేరేజీలో పులిహోర పెట్టాను, పట్టుకెళ్ళు."

"పట్టుకెళ్ళారా?" అడిగింది లౌక్య.

"తిన్నాను కూడా. ఎవరు పెట్టారో మర్చిపోయాను."

సౌజన్యమ్మ తను ముందు రాసిన వాక్యం కొట్టెయ్యలేదు. "ఇన్నేళ్ళూ ఇలాగే నమ్మాను" అని కింద రాసి, విన్నదంతా చేర్చింది.

"నా గురించి రాసేటప్పుడు కూడా పెట్టెను అడుగుతారు కదూ?" అంది లౌక్య.

సౌజన్యమ్మ అప్పటికే రాసేసిన పదో అధ్యాయాన్ని అరచేత్తో కప్పేసింది.