పిట్ట కన్ను

"ఆ గొట్టం ఇంకొక్కసారి ఎత్తారంటే మీ భుజం మీద నేను చెయ్యి వెయ్యను మావయ్యా. ఇంకో ఫిజియోథెరపిస్టుని వెతుక్కోండి."

తన క్లినిక్‌లో బల్ల మీద కూర్చోబెట్టి, మావగారి కుడిచేతిని మెల్లగా పైకి లేపుతూ కోడలు ఆ మాట అంది. ఆయన పంటి బిగువున నొప్పి ఓర్చుకున్నాడు.

"గొట్టం అనకమ్మా. అది లెన్సు."

"ఏదైతేనేం? పసిపిల్లాణ్ణి చంకనేసుకున్నట్టు చెరువుగట్టంతా మోసుకు తిరుగుతున్నారు. భుజం పట్టేయక ఏం చేస్తుంది? తేలికైన కెమెరాలు వచ్చాయంటున్నారు కదా, మార్చేయండి."

ఫోటో స్టూడియో మూసేసిన దగ్గర్నుంచీ ఆయనకి పిట్టలే లోకం. తెల్లారితే ఏదో ఒక నీటి ఒడ్డున కదలకుండా నిలబడి ఉంటాడని వీధిలో అందరూ ఆయన్ని 'కొంగమాస్టారు' అంటారు. ఆ లెన్సు జోలికి వస్తే కన్నకొడుకునైనా కసిరి కొట్టే మనిషి. అందుకే కోడలు పెద్ద యుద్ధానికే సిద్ధపడి మొదలుపెట్టింది.

"సరే, ఇచ్చేద్దాం," అన్నాడాయన.

కోడలి చెయ్యి ఆగిపోయింది. "నిజంగానా?"

"నిజంగానే. కాకపోతే ఏది కొనాలో నేనే చెప్తా."

ఆ సాయంత్రమే ఇద్దరూ కెమెరాల షాపుకి వెళ్ళారు. షాపతను చిన్న కెమెరా ఒకటి తీసి అద్దాల బల్ల మీద పెట్టాడు.

"పట్టుకు చూడండి సార్, దూదిపింజే. రోజంతా మెడలో వేసుకున్నా ఉన్నట్టే తెలీదు."

ఆయన దాని బరువు చూడనేలేదు. "పిట్ట కన్ను దానంతటదే పట్టుకునే రకం ఇదేనా?"

"ఇదే సార్. కొమ్మల్లో దాక్కున్నా వదలదు. మీరు అటువైపు చూపిస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. కన్ను దొరకగానే కుయ్‌మంటుంది. ఆ శబ్దం తీసేసి ఇస్తాలెండి, పిట్టలు బెదురుతాయి."

"వద్దు, ఉండనీ. కుదిరితే ఇంకాస్త పెంచు."

షాపతను కోడలి వైపు చూశాడు. పెద్దాయన సరదా, పోనివ్వమన్నట్టు ఆమె తలూపింది. పాత లెన్సు అప్పగించేటప్పుడు ఆయన దాన్ని ఒకసారి అరచేత్తో నిమిరి, మొహం ఇటు తిప్పుకున్నాడు.

"మీ నాన్నగారు ఒక్కమాటకే ఒప్పేసుకున్నారు," అని ఇంటికి రాగానే భర్త దగ్గర గొప్పలు పోయింది.

"ఆయనా? ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడతను.

ఆదివారం పొద్దున్నే భుజం ఎలా పనిచేస్తుందో చూద్దామని కోడలు కూడా మావగారి వెంట చెరువుకి బయల్దేరింది. రాత్రి నుంచీ పడుతున్న తుంపర అప్పుడే ఆగింది. మెట్లు దిగేటప్పుడు ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. అంత చనువు ఎన్నడూ చూపించని మనిషి. ఆమెకి లోలోపల ముచ్చటేసింది.

గట్టు మీద ఆయన పాత జతగాడు, పళ్ళ డాక్టరు, తన పెద్ద లెన్సుని స్టాండుకి బిగిస్తున్నాడు.

"ఏం మాస్టారూ, కెమెరా ఇంట్లో మర్చిపోయి సబ్బుపెట్టె తెచ్చుకున్నారా?"

"మీ భుజం కూడా మా కోడలి చేతిలో పడనివ్వండి. మీరూ సబ్బుపెట్టే కొంటారు," అని నవ్వేసి ఆయన ముందుకి సాగాడు.

రెల్లు దుబ్బుల పక్కనున్న చెక్కబల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. కోడలు ఏదో అడగబోయింది.

"ష్‌..." ఆయన తల ఒక పక్కకి వంచాడు. "లకుముకి. ఎడమవైపు, నీళ్ళకి దగ్గరగా."

ఆమె కళ్ళు చికిలించి చూసింది. రెల్లు తప్ప ఇంకేమీ కనబడలేదు. ఆయన మాత్రం కెమెరా ఎత్తి, కూత వచ్చిన వైపు మెల్లగా తిప్పాడు. కెమెరా కుయ్‌మంది. వెంటనే మీట నొక్కాడు. నీలిరంగు పిట్ట ఒకటి రివ్వున లేచి నీళ్ళ మీదుగా పోయాకగానీ అది అక్కడ ఉందని ఆమెకి తెలియలేదు.

"పడిందేమో చూడు. బోణీ నీదే," అని కెమెరా ఆమె చేతికిచ్చాడు.

ఆమె తెర చూసింది. పిట్ట ముక్కు కొస నుంచి నీటిబొట్టు వేలాడుతోంది. నల్లటి కంటిలో అవతలి గట్టు కూడా మెరుస్తోంది.

"మావయ్యా! ఎంత బాగుందో!"

"మరేమనుకున్నావ్!" ఆయన పొంగిపోయి లేచి నిలబడ్డాడు.

"భుజం ఎలా ఉంది?"

"ఏ భుజం?" అన్నాడు నవ్వుతూ.

ఆయన్ని అలా చూసి కోడలికీ హుషారొచ్చింది. చప్పుడు కాకుండా కెమెరా ఎత్తి తనూ ఒక ఫోటో తీసింది. దాన్నే తెర మీద పెట్టి ఆయన ముందుకి చాపింది.

"ఇది ఎలా వచ్చిందో చూసి చెప్పండి."

ఆయన కెమెరాని రెండు చేతులతో అందుకున్నాడు. దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా జరిపి చూశాడు, మొహం కాస్త వాలుగా తిప్పి మళ్ళీ చూశాడు. మెల్లగా ఆయన మొహం విప్పారింది.

"ఆహా! ఆ నీలం చూడమ్మా! ఆ ముక్కు ఎంత పదునుగా పడిందో! పాతదాంతో జన్మలో ఇలాంటి పిట్టని తియ్యలేదు. దీన్ని పెద్దది చేయించి హాల్లో పెట్టాలి."

కోడలు వంగి తెర వైపు మళ్ళీ చూసింది.

తెర మీద పిట్ట లేదు. నీలం రెయిన్‌కోటులో నిలబడి నవ్వుతున్న ఆయనే ఉన్నాడు.