బదిలీ ఆగింది

“మనలోనే ఎవరో పైకి ఫిర్యాదు రాశారు,” అన్నాడు రేవు అధికారి, టికెట్ గదిలో అందరినీ నిలబెట్టి. “ఎవరు రాశారో, దేని గురించి రాశారో నాకు చెప్పరట. చట్టమట. రాసినవాణ్ణి బదిలీ చెయ్యకూడదట, వాడి మీద ఈగ వాలకూడదట. విచారణకి పైనుంచి మేడం గారు వస్తున్నారు.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఎలా ఉంటుందో ఆ పూట సర్కారు లాంచీ రేవులో చూడాల్సిందే. అధికారి చూపు దానంతటదే డీజిలు పీపాల మీదికి పోయింది. పనికి రాని రోజులకి కూడా సంతకాలు పెట్టే ఇంజను మేస్త్రి తన వేళ్ల కేసి చూసుకున్నాడు. భుజం తడుముకోనివాడు టికెట్ల గుమాస్తా ఒక్కడే. పుట్టగానే ‘కేర్’మనకుండా ‘చిల్లర లేదు’ అన్నాడని చెప్పుకుంటారు. అందుకే రేవంతటికీ ఆయన చిల్లర బాబాయి.

బాబాయి చెవిలో ఒక్క మాటే గింగిరాలు తిరుగుతోంది. బదిలీ చెయ్యకూడదు.

ఆయన్ని ఎగువ రేవుకి పొమ్మని అప్పటికే చెప్పేశారు. అక్కడ ఆసుపత్రి లేదు, రోడ్డు లేదు. దోమలు మాత్రం మనిషిని ఎత్తుకుపోయి ఇసకలో దాచుకుని, తీరిగ్గా వారం రోజులు తింటాయని ప్రతీతి. ఇంట్లో చూస్తే మెట్ల మీంచి పడి నడుము పోగొట్టుకున్న భార్య. నేల మీద పడుకుంటే తెల్లవార్లూ మూలుగే. నిరుడు బాబాయి ఎక్కడివో తేలికపాటి మెత్తటి ముక్కలు జత చేసి స్వయంగా ఓ పరుపు కుట్టాకే ఆవిడకి కంటి మీద కునుకు. ఆ పరుపు గొప్ప ఆయన చెప్పని మనిషి లేడు.

“బిందెడు నీళ్లు పోసినా చుక్క పీల్చదురా.”

“అయితే ఏట్లో వెయ్యకు బాబాయ్,” అనేవాడు మేస్త్రి. “పిన్ని నిద్రలోనే సముద్రం చేరిపోతుంది.”

అందరూ వెళ్లాక ఆ మేస్త్రే దగ్గరికి జరిగాడు. “ఎవరు రాసుంటారంటావు?”

“ఎవరైతేనేం? రాసినవాడు ఎంత కడుపు మండి రాశాడో,” అని బాబాయి కిటికీలోంచి ఏటి కేసి చూస్తూ దగ్గాడు.

“కొంపదీసి నువ్వేనా?”

“నేనని నేనన్నానా?”

అంతే. మేస్త్రి చెవిన వేసిన రహస్యం లాంచీ కన్నా ముందే అవతలి గట్టు చేరుతుంది.

సాయంత్రం అధికారి పిలిచి కుర్చీ చూపించాడు. ఆ గదిలో బాబాయి కూర్చోవడం అదే మొదలు.

“మీ బదిలీ ఆపించేశాను. డీజిలు సంగతి ఏదైనా ఉంటే మనం మనం మాట్లాడుకోవచ్చు కదండీ.”

“నాకేం తెలుసండీ,” అన్నాడు బాబాయి. నిజమే చెప్పాడు. ఆ నిజాన్ని నమ్మినవాడు లేడు.

భయం ఎంత పనిమంతురాలో అప్పుడు తెలిసింది. లాంచీకి కొత్త రంగు పడింది. విరిగిన బల్లలు నిలబడ్డాయి. లైఫ్ జాకెట్ల పెట్టె కొత్త జాకెట్లతో నిండింది. అదంతా చిల్లర బాబాయి చలవేనన్నారు జనం.

“మా టీచరు నీ గురించి చెప్పి క్లాసంతా చప్పట్లు కొట్టించింది నాన్నా,” అంది కూతురు, అన్నాల దగ్గర.

బాబాయి ముద్ద కంచంలోనే పెట్టేశాడు. “ఎందుకమ్మా అవన్నీ.”

“చూశావా, మీ నాన్నకి ఇసుమంత గర్వం లేదు,” అంది భార్య పరుపు మీంచి.

ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు టికెట్ కిటికీ దగ్గరికి గంపలమ్ముకునే ముసలమ్మ వచ్చింది.

“బాబూ, వానల్లో నా మనవడు లాంచీ మీంచి జారిపోయాడు, గుర్తుందా? ఆ జాకెట్ల పెట్టె తాళం నువ్వే కదా తీశావు. లోపల బొద్దింకలు తప్ప ఏమున్నాయి? వెధవ క్షవరం చేయించుకోమంటే వినలేదు కాబట్టి జుట్టు చేతికి దొరికి బతికాడు. ఇవాళ పెట్టె నిండా జాకెట్లు చూశాను నాయనా. ఎవరి పాపమో నువ్వు కడిగావు.”

కిటికీలోంచి చెయ్యి దూర్చి ఆయన చెయ్యి పట్టుకుంది. బాబాయి వెనక్కి లాక్కోబోయాడు. ముసలిది వదిలితేగా. ఆ రోజు ఆవిడ అడక్కుండానే చిల్లర ఇచ్చాడు, తలెత్తకుండా.

ఇక ఉండబట్టలేక, విచారణకి వచ్చిన మేడం గది తలుపు తట్టాడు.

“అమ్మా, ఆ ఫిర్యాదు నేను రాయలేదు. బదిలీ తప్పించుకోవడానికి రాసినట్టు నటించాను. దమ్మున్నవాడెవడో రాస్తే వాడికి రావలసిన మర్యాదంతా నేను మింగాను. నా కూతురి మొహం చూడలేకపోతున్నాను. నన్ను ఎక్కడికి పంపినా సరే, పోతాను.”

“కూర్చోండి,” అందావిడ. “మీరు రాయలేదని నాకు ముందే తెలుసు.”

“రాసినవాళ్ల పేరు మీరు చెప్పరు, చెప్పకూడదు. నేను క్షమించమన్నానని మాత్రం చెప్పండి చాలు.”

“తప్పకుండా చెబుతాను.” ఆవిడ కలానికి మూత పెట్టింది. “మీ ఆవిడ నడుము ఎలా ఉంది?”

బాబాయికి గుండె మీంచి బరువు దిగినట్టయింది. ఎన్నాళ్లకో తలెత్తి చూశాడు. “నయమేనమ్మా. ఆ పరుపు పుణ్యమా అని కాస్త నిద్రపోతోంది.”

బయట లాంచీ కూత వేసింది. అది ఆగేదాకా ఆవిడ ఆగింది.

“ఫిర్యాదు వచ్చింది ఆ పరుపు గురించే.”